తొంభై కిలోల స్వామి

నేను పోసింది రాయి. మా కొట్లో సిమెంటు, కంకర, గోదారి ఇసక, బోరు నీళ్ళు. ఈ నాలుగూ కలిపితే వచ్చేది కాంక్రీటు గుండు, దేవుడు కాదు. ఈ ముక్క మా వీధిలో ఒక్కరంటే ఒక్కరికి ఎక్కించలేకపోయాను. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కనీసం చదివేవాళ్ళు నా మాట మధ్యలో కళ్ళు మూసుకుని లెంపలేసుకోరని ఆశ.

రామచంద్రపురానికి దగ్గర్లో మాకు సిమెంటు, ఇనుము కొట్టు ఉంది. నాకు నలభై ఎనిమిదేళ్ళు. తెల్లారి లేస్తే నేను చేసే పని బరువులెత్తడం. జిమ్ములో అద్దం ముందు నిలబడి కండ ఉబ్బించుకుని చూసుకునే రకం కాదు. ట్రాక్టరు టైరును దొర్లించడం, చేతికొక ఇసక డ్రమ్ము పట్టుకుని పెరడు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం, తాటిదుంగను తలపైకి ఎత్తడం, గుండ్రటి రాయిని కావిలించుకుని నేల మీద నుంచి లేపడం. ఈ ఆటను స్ట్రాంగ్‌మ్యాన్ అంటారు. మా ఆవిడ 'మీ పిచ్చి' అంటుంది. వీధిలోవాళ్ళు ఏమంటారో నాకనవసరం. వాళ్ళు ప్రతిదానికీ ఏదో ఒకటి అంటారు.

నా ఒంట్లో పాత దెబ్బలు చాలానే ఉన్నాయి. మోకాలు కబడ్డీలో పోయింది. ఎడమ భుజం కాలవగట్టు మీద స్కూటరు జారినప్పుడు పోయింది. వాటి మీద నాకు కోపం లేదు. నడుము సంగతి తల్చుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొన్నేళ్ళ క్రితం కొట్టు ముందు లారీ దింపుతున్నారు. మనుషులు తక్కువై నేనూ ఓ చెయ్యి వేశాను. ఇనప ఊచల కట్ట. ముందు ఒకాయన, వెనక నేను, భుజాల మీద మోసుకొస్తున్నాం. సరిగ్గా అప్పుడే ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన కారు దిగాడు. ముందున్నాయన ఏం చేశాడనుకున్నారు? "నమస్కారమండి బాబుగారూ!" అంటూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. రెండు చేతులూ! కట్ట ముందు కొస నేలకు కొట్టుకుంది. వెనక కొస ఎగిరి నన్ను మెలితిప్పి పడేసింది. నేను మట్టిలో పడి గావుకేకలు పెడుతుంటే ఆయన ఇంకా చేతులు దించలేదు. మర్యాద తక్కువవుతుందని భయం కాబోలు.

డిస్కు జారి నరాన్ని నొక్కింది. కుడి పాదం పైకి లేవడం మానేసింది. నడుస్తుంటే చెప్పు ఊడిపోయేది. వేళ్ళు నేలకు రాసుకుని తోలు లేచిపోయేది. కాకినాడలో డాక్టరుగారు ఆపరేషను లేకుండా చూద్దామన్నారు. నెలల తరబడి మంచం, బెల్టు, మందులు, ఫిజియోథెరపీ. చచ్చీ చెడీ పాదం తిరిగొచ్చింది. అప్పుడు డాక్టరుగారు చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. "తిన్నగా ఎత్తితే ఎత్తండి, నేను కాదనను. ఎత్తాక కిందికి వదిలెయ్యండి. అంతే. బరువు చేతుల్లో ఉండగా నడుం తిప్పినా, వంగి నెమ్మదిగా దించినా ఈసారి ఆ పాదం మీది కాదు."

మంచం మీద ఉన్నన్నాళ్ళూ పరామర్శకు వచ్చినవాళ్ళను చూస్తే డిస్కు నొప్పే నయమనిపించేది. బత్తాయిలు తెచ్చేవాళ్ళు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నా నడుం తప్ప లోకంలో ఉన్న నడుములన్నిటి గురించీ చెప్పేవాళ్ళు. మా తోడల్లుడి నడుం, మా ఊరి కరణంగారి నడుం, ఆపరేషనయ్యాక మళ్ళీ లేవని ఫలానావారి నడుం. వెళ్ళేముందు అందరిదీ ఒకటే మాట. "ఇంక మీరు బరువు మాట ఎత్తకండి. ఓ కుర్చీ వేసుకుని కొట్లో కూచోండి. అదే పదివేలు." మా ఆవిడ కాఫీలు అందిస్తూ తలూపేది. ఆ తలూపుడు నాకు గుర్తుంది.

అదే పదివేలట! నాకు అక్కర్లేదు. మంచం దిగిన రోజు నుంచి మొదలుపెట్టాను. మొదట చెంబుడు నీళ్ళు, తర్వాత సగం బక్కెట్టు, బక్కెట్టు, ఆ తర్వాత అరబస్తా ఇసక. పొద్దున లేవగానే వేడినీళ్ళ కాపడం. మంచం మీద వెల్లకిలా పడుకుని కుడి పాదం పైకి లేస్తోందో లేదో చూసుకోవడం. లేస్తే ఆ రోజు సాధన, లేకపోతే లేదు. తర్వాత అరగంటసేపు ఒళ్ళు వేడెక్కించుకోవడం. సాయంత్రం మోకాలికి ఐసు. ఐసు రొయ్యల ప్యాకింగు షెడ్డు నుంచి తెచ్చేవాణ్ణి, చవగ్గా దొరుకుతుందని. ఇల్లంతా రొయ్యల కంపు. రాత్రి మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా నడుముకు నూనె రాసేది. రాస్తూనే తిట్టేది. "మళ్ళీ పడ్డారంటే నేను చెయ్యనండి. మా పుట్టింటికి పోతాను. బెడ్‌పాన్ మీ తాటిదుంగ తెచ్చిపెడుతుంది."

ఏళ్ళు పట్టింది. ఈ నడుంతో, ఈ భుజంతో, పట్టేసే ఈ మోకాలితో మళ్ళీ మనిషినయ్యాను. అప్పుడు రాజమండ్రిలో ఒక జిమ్మువాళ్ళు పోటీ పెడుతున్నారని తెలిసింది. నలభై అయిదు దాటినవాళ్ళకు విడిగా విభాగం ఉంది. అందులో అసలు పరీక్ష గుండ్రటి రాయి, తొంభై కిలోలు. నేల మీద నుంచి కావిలించుకుని లేపి, ఛాతీ ఎత్తు దిమ్మ మీదికి చేర్చాలి. పేరిచ్చాను. నేను గెలవాలని కాదు. కుర్చీ వేసుకుని కూచోమన్నవాళ్ళ నోళ్ళు మూతపడాలని.

అలాంటి రాయి మా వైపు దొరకదు. పోసుకోవాల్సిందే. వెల్డింగు షాపులో రెండు పెద్ద ఇనప మూకుళ్ళను ఎదురెదురుగా బిగించి, పైన కంత పెట్టించి అచ్చు చేయించాను. లోపల వాడేసిన ఇంజనాయిలు పూసి కాంక్రీటు కూరి, బిగిశాక అచ్చు విప్పితే నున్నగా, నల్లగా నిగనిగలాడుతూ గుండు బయటపడింది. పెరట్లో గోడ పక్కన, బట్టలుతికే బండ ముందు మెత్తటి ఇసక పరిచి దాని మీద కూర్చోబెట్టాను. పైన మందారం చెట్టు నీడ. ఇక్కడే నా ఖర్మ కాలింది.

కాంక్రీటుకు నీళ్ళు తాగించాలి. లేకపోతే బీటలు వారుతుంది. కొట్టుకు వచ్చే ప్రతి మనిషికీ నేనే చెబుతాను, స్లాబు పోశాక మూడు వారాలు తడపండి బాబూ అని. నా రాయిని నేను తడపనా? పొద్దున్నే స్నానం చేసి, ఆ తడితువ్వాలుతోనే పెరట్లోకి వచ్చి, చెంబుతో గుండు మీద నీళ్ళు పోసేవాణ్ణి. అన్ని వైపులా తడవాలి కాబట్టి చుట్టూ తిరిగి పోసేవాణ్ణి. ఎండకు ఆరిపోకుండా పైన తడిగోనె కప్పేవాణ్ణి. మందార పువ్వులు వాటంతటవే రాలి దాని మీద పడేవి. ఇంక చూసేవాళ్ళకు ఏం కావాలి?

చూసింది పక్కింటి పిన్నిగారు. చుట్టరికం లేదు, వరసకి పిన్ని. ఆవిడకి తన పెరట్లో పువ్వు పనికిరాదు. తెల్లారేసరికి సజ్జ పట్టుకుని వీధిలో అందరి చెట్లూ దులిపేస్తుంది. మా మందారమూ అందులో ఒకటి. మా రెండిళ్ళ మధ్య గోడ మోకాలెత్తే. అది దాటడానికి ఆవిడెప్పుడూ ఎవరినీ అడగలేదు. మొదటి వారం ఊరికే చూసి వెళ్ళింది. రెండో వారం గుండు మీద ఒక నందివర్ధనం పువ్వు కనబడింది. మా పెరట్లో నందివర్ధనం లేదు. తీసి పారేశాను. మర్నాడు కుంకుమ బొట్టు. ఆ మర్నాడు ఇసకలో గుచ్చిన అగరుబత్తి.

అరికాలి మంట నెత్తికెక్కింది. గోడ దగ్గర కాపుకాసి పట్టుకున్నాను.

"ఏంటండీ పిన్నిగారూ ఇది?"

"ఏముంది నాయనా, నువ్వు రోజూ అభిషేకం చేస్తున్నావు, బొట్టు మాత్రం పెట్టట్లేదు. మగవాడివి, నీకేం తెలుస్తుందిలే అని నేనే పెట్టాను."

"అభిషేకమేంటండీ! సిమెంటు క్యూరింగు! మీ స్లాబుకు చెయ్యలేదా?"

"మా స్లాబుకు ప్రదక్షిణం ఎవరు చేశారు నాయనా?" అంది ఆవిడ నవ్వుతూ. "దాచుకుంటే దాగుతుందా? లోపల ధూపం కూడా వేస్తున్నావుగా. మా వంటింట్లోకి వస్తోంది వాసన."

అది ధూపం కాదు. గుండు జారకుండా చేతులకు జిగట కావాలి. దానికి గుగ్గిలం ఆముదంలో మరిగించి పూసుకుంటాను. చెప్పాను. ముక్క ముక్కా విడమర్చి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఏదో ఒకటిలే, నీ మొక్కు నువ్వు బయటికి చెప్పకూడదు, అర్థమైంది" అని సజ్జ పట్టుకుని గోడ దాటిపోయింది. ఇలాంటి మనిషితో ఎవరైనా ఏం మాట్లాడగలరు? చెవుడైతే గట్టిగా అరుస్తాం. ఈవిడకు చెవులు బాగానే ఉన్నాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ అల్లుడికి మొగల్తూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. ఆ సీజనులో అక్కడ వైరసు పడింది. చుట్టుపక్కల చెరువుల్లో రొయ్య తేలిపోయింది. వీళ్ళ చెరువు నిలబడింది. పీతలు, కాకులు రోగం మోసుకురాకుండా గట్టు చుట్టూ వల కట్టుకున్నాడో, నీళ్ళు చూసి పెట్టుకున్నాడో, అతని జాగ్రత్త అతనిది. పిన్నిగారికి ఆ లెక్కలేవీ పట్టలేదు. "మా అమ్మాయి ఫోను చేసి ఏడుస్తుంటే స్వామికి మొక్కాను" అని వీధంతా చాటింది. ఇంకేముంది! ఆ ఆదివారం మా గేటు ముందు కార్లు ఆగాయి. తెల్లచొక్కాలు, చేతుల్లో కొబ్బరికాయలు. "ఇక్కడేనాండీ రొయ్యల స్వామి?" అని నన్నే అడిగారు, నా గేటు దగ్గర నిలబడి, నా మొహం మీద!

"ఇక్కడ ఏ స్వామీ లేడండి. వెళ్ళండి" అన్నాను.

"అలాగేనండి, అయిదు నిమిషాల్లో దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతామండి" అని లోపలికి నడిచారు. ఈ గోదారి జిల్లా మర్యాదతో వచ్చిన తంటా ఇదే. ఎదురు తిడితే మనమూ తిట్టొచ్చు, చెయ్యి చేసుకోవచ్చు. 'అండి' అంటూ చేతులు జోడించి తోసుకొచ్చేవాణ్ణి ఏం చేస్తాం? నా ఇసకలో కొబ్బరికాయలు కొట్టారు. నా గుండుకు పసుపు మెత్తారు. నేను ఒళ్ళు వేడెక్కించుకునే వరండా మెట్ల మీద కూచుని ప్రసాదాలు తిని, కొబ్బరిచిప్పలు నా ట్రాక్టరు టైరులో పడేసి పోయారు.

పోటీ దగ్గర పడుతోంది. గుండు తయారైంది, నేను తయారుగా ఉన్నాను, ముట్టుకోవడానికి లేదు. ఇంకోటి పోద్దామని అచ్చు బయటికి తీశానో లేదో, గోడ మీదనుంచి పిన్నిగారు, "అమ్మవారికా నాయనా?" అంది. అచ్చు తీసుకెళ్ళి మళ్ళీ అటక మీద పారేశాను. పొద్దు పొడవకముందే లేపుదామనుకుంటే మా ఆవిడ అడ్డం నిలబడింది.

"దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, పొట్ట మీదికి ఈడ్చుకుంటారు కదండీ. వద్దు."

"నువ్వు కూడానా! ఆ సిమెంటు బస్తా నా ముందే కదే చింపావు. నీళ్ళు నువ్వే పోశావు!"

"నాకు నమ్మకం లేదండి. భయం ఉంది" అంది.

ఇదెక్కడి మాటో చూడండి. నమ్మకం లేనిదానికి భయమెందుకు? ఆ రాత్రంతా పళ్ళు నూరుకున్నాను. ఒక్కొక్క చెంబుడు నీళ్ళ నుంచి మొదలుపెట్టి, ఇన్నేళ్ళు ఒంటిని బతిమాలుకుని, బెదిరించుకుని ఇక్కడిదాకా తెచ్చుకున్నాను. ఎవరో ముదనష్టపు రొయ్యల కోసం వదులుకోవాలా? చాటుగా ఎత్తను. అందరి ముందే ఎత్తుతాను, అప్పుడుగానీ ఈ గోల వదలదు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే జనం రానే వచ్చారు. వీధిలో ఆడవాళ్ళు, చెరువులవాళ్ళు, అందరికంటే ముందు పిన్నిగారు. వరండాలో అరగంట పద్ధతిగా ఒళ్ళు వేడెక్కించుకున్నాను. తుంటి, మోకాలు, భుజం, ఒక్కటీ వదల్లేదు. ఏదో పూజావిధానం అనుకుని చేతులు జోడించి చూశారు. బెల్టు బిగించాను. తడిగుడ్డతో గుండు మీద పసుపూ కుంకుమా శుభ్రంగా తుడిచేశాను. అప్పుడు చిన్న కలకలం రేగింది. "ఏంటండీ అది, ఏంటండీ!" అన్నాడు ఒక తెల్లచొక్కా. చేతులకు గుగ్గిలం పూసుకున్నాను.

"చూడండి" అన్నాను. "అందరూ బాగా చూడండి. ఇది రాయి. నేను పోశాను. నేనే లేపుతాను. లేపి కింద పారేస్తాను. అయ్యాక అందరూ మర్యాదగా ఇంటికెళ్ళండి."

కాళ్ళు ఎడంగా వేసి వంగాను. వేళ్ళు ఇసకలోకి దూర్చి గుండు అడుగు పట్టాను. ఊపిరి బిగబట్టి లాగితే ఇసక వదిలింది. తొడల మీదికి వచ్చింది. అక్కడ ఆగి, చేతులు మార్చి పైనుంచి కావిలించుకుని, గుండెకు అదుముకుని, తుంటి ముందుకు తోసి లేచాను. తిన్నగా లేచాను. నడుం ఒక్క పిసరు కూడా కదల్లేదు. మోకాలు కిక్కురుమనలేదు. తొంభై కిలోల రాయి నా గడ్డం కింద ఉంది. నా కళ్ళు చెమర్చాయి, సిగ్గేమీ లేదు, రాస్తున్నాను. బత్తాయిలు తెచ్చినవాళ్ళందరూ అక్కడుంటే ఎంత బాగుండును అనిపించింది.

ఇంక చెయ్యాల్సిందల్లా వదిలేయడమే. చేతులు తీస్తే ఇసకలో పడుతుంది. చేతులు తీయబోతూ కిందికి చూశాను. పిన్నిగారు ఇసకలో బోర్లా పడుకుని ఉంది. సాష్టాంగం. తలకాయ సరిగ్గా గుండు కింద, రెండు చేతులూ నా పాదాల మీద.

"లెగండి!" అని అరిచాను. "పిన్నిగారూ, లెగండి!"

జనం ఒక్కసారిగా "గోవిందా!" అన్నారు. నా మొహం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళతో, ఒళ్ళు వణుకుతూ అరుస్తున్నాను కదా. పూనకం వచ్చిందనుకున్నారు.

"తియ్యండి ఆవిడను! ఈడ్చండి!"

"ఎవరు స్వామీ తమరు?" అని ఒకాయన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఏం కావాలో సెలవియ్యండి."

"ఈ ముసలమ్మను తియ్యరా వెధవా!"

"స్వామికి కోపం వచ్చింది" అన్నాడాయన వెనక్కి తిరిగి. అందరూ వంగి దణ్ణాలు పెట్టారు. ఒక్కడు కదిలితే ఒట్టు. పిన్నిగారు నా పాదాలు ఇంకా గట్టిగా పట్టుకుంది. వెనక బట్టలుతికే బండ, ముందు తలకాయ. చేతుల్లో జిగట వేడెక్కి జారుతోంది. గుండు కిందికి దిగుతోంది. ఒక్క ఎడమ పక్కన కాస్త ఖాళీ ఉంది. అక్కడికి తిరగాలి. తిరిగి, వంగి, నెమ్మదిగా దించాలి. చెయ్యకూడదని డాక్టరుగారు చెప్పినవన్నీ వరసగా చెయ్యాలి. లేకపోతే ఆ తలకాయ కొబ్బరికాయే.

తిరిగాను. ఏం చెయ్యను మరి? ఎంత తిట్టుకున్నా మనిషి కదా. వంగాను. గుండు ఇసకకు తగలడానికి బెత్తెడు దూరంలో నడుములో పాత చోటే మెలిపడింది. అక్కడి నుంచి కుడి మడమ దాకా కరెంటు కొట్టినట్టయింది. రాయి నేల మీద కూచుంది. నేను దాని పక్కన పడ్డాను.

"చూశారా, స్వామి ఎంత మెల్లగా దిగారో!" అంది పిన్నిగారు లేచి ఇసక దులుపుకుంటూ. "ఆయనే లేచారు, ఆయనే దిగారు. ఈ నడుంతో మనిషివల్ల అవుతుందా? ఏడాది మంచం మీదున్న మనిషి!"

నొప్పి కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. నేను ఎత్తాను అని అరుద్దామంటే ఊపిరి అందలేదు. జనం నన్ను దాటుకుని, నా కాళ్ళు తొక్కకుండా జాగ్రత్తగా, మర్యాదగా పక్కకు తప్పుకుని వెళ్ళి గుండుకు హారతిచ్చారు. మా ఆవిడ ఒక్కతే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. రాయి వంక చూడను కూడా లేదు. నా కుడి కాలి మడమ ఒళ్ళో పెట్టుకుని, "పాదం ఎత్తండి" అంది. ఎత్తాను. లేవలేదు. "ఎత్తండి" అని మళ్ళీ అంది. లేవలేదు. ఆవిడ నన్ను తిట్టలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

రాజమండ్రి పోటీ అయిపోయిన రోజు నేను మంచం మీద ఉన్నాను. కాకినాడ డాక్టరుగారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పాదం నెలల మీద కొంత తిరిగొచ్చింది. పూర్తిగా రాలేదు. మెట్టు ఎక్కేటప్పుడు ఇప్పటికీ వేళ్ళు తగులుతాయి. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళలేదు. పరామర్శకు జనం వచ్చారు. ఈసారి బత్తాయిలు కాదు, ప్రసాదాలు. "స్వామిని తుడిచేస్తే ఊరుకుంటారాండీ" అని నాకే బుద్ధి చెప్పారు. లేచింది స్వామి మహిమట, పడింది నా పాపమట. లేపింది నేను కాదుగానీ, పడింది మాత్రం నేనే! మొహం గోడవైపు తిప్పుకుని పడుకునేవాణ్ణి. పోటీ పోతే పోయింది. నువ్వే లేపావు అని ఒక్కరంటే ఒక్కరు అంటే చాలని పడి చచ్చాను. ఎవరూ అనలేదు. మా ఆవిడా అనలేదు. నూనె రాసేది, మాట్లాడేది కాదు.

చివరికి కాలవగట్టు మీద రేకుల పందిరి వేసి, స్వామిని అక్కడికి తీసుకెళ్తామని వీధివాళ్ళు వచ్చి అడిగారు. "తీసుకుపొండి, మళ్ళీ నా గేటు తొక్కకండి" అన్నాను. మైకుసెట్టు, డప్పులు, పువ్వులు కట్టిన ట్రాక్టరు ట్రక్కు వచ్చాయి. నేను బెల్టు పెట్టుకుని, చేతికర్ర ఆనించుకుని వరండా స్తంభం దగ్గర నిలబడ్డాను. చూడకూడదనుకున్నాను, చూశాను.

మొదట ఇద్దరు పట్టారు. కదల్లేదు. ఇంకో ఇద్దరు వచ్చారు. నున్నటి గుండు, పట్టు చిక్కదు. ఒకడు వేళ్ళు నలిగి గోల పెట్టాడు. "స్వామికి ఇక్కడి నుంచి కదలడం ఇష్టం లేనట్టుంది" అంది పిన్నిగారు. కొబ్బరికాయ కొట్టారు, మళ్ళీ పట్టారు. కింద గోనె దూర్చి, ఇంకో ఇద్దరిని పిలిచి, "హైలెస్సా" అంటూ, ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ, మొహాలు కందగడ్డల్లా చేసుకుని ట్రక్కు అంచు దాకా తెచ్చి తోశారు. తోశాక ఒకడు నడుం పట్టుకుని అక్కడే చతికిలపడ్డాడు.

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, నా పక్కన నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుని వాళ్ళనే చూస్తోంది. డప్పులు మొదలయ్యాయి, ట్రక్కు కదిలింది. జనం ఎదుట ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ మోతలో అందరికీ వినబడేలా గొంతెత్తి అంది.

"ఆరుగురు పట్టారండీ. మీరు ఒక్కరే లేపారు."